చలికి రెడీ అయి వచ్చాను, చీకటికి కాదు

హన్మకొండ పోరడు:
ఆగస్టులో మాస్టర్స్ చదవడానికి ఫిన్లాండ్‌లోని ఔలు వచ్చాను. అమ్మ ఒక సూట్‌కేసు నిండా స్వెట్టర్లే పెట్టింది, బాపు అయితే గొంగడి కూడా పట్టుకుపొమ్మన్నాడు. చీకటి సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు పదిన్నరకు తెల్లారి రెండింటికి పొద్దు గూకుతోంది, ఆ కాసేపూ నేను క్లాసులోనే ఉంటాను. ఎంత పడుకున్నా నిద్ర తీరదు, వండుకోబుద్ధి కాదు, బిస్కెట్లతో కడుపు నింపుకుంటున్నాను. ఫోన్లో అమ్మ "తిన్నవా బిడ్డా" అనగానే గొంతు పూడుకుపోతోంది. నాకొక్కడికేనా ఇలా?

కాజీపేట జంక్షన్:
నీకొక్కడికే కాదు తమ్మీ. కెనడాలోని ఎడ్మంటన్‌లో నాకిది ఏడో చలికాలం. మొదటి ఏడాది సోమరిపోతునయ్యానని నన్ను నేనే తిట్టుకున్నాను. పొద్దున కంటికి వెలుతురు తగలకపోతే ఒంట్లో గడియారం తప్పుతుందట. చలికాలంలో వచ్చే ఈ దిగులుకు 1984లోనే సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు. 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపం ఒకటి కొనుక్కో. లేవగానే చాయ్ తాగుతూ అరగంట, మూరెడు దూరంలో కాస్త పక్కకు పెట్టుకో, నేరుగా దానివైపే చూడకు. నేను తెలివి తక్కువగా రాత్రి 8కి పెట్టుకుని 2 దాకా మేలుకున్నాను! కంటి జబ్బు గానీ బైపోలార్ (మనసు ఒకసారి అతిగా ఉప్పొంగి, ఒకసారి బాగా కుంగిపోయే జబ్బు) గానీ ఉంటే డాక్టర్ని అడగకుండా వాడొద్దు.

చెరువుకట్ట బాబాయ్:
ఈ దీపాలూ గీపాలూ ఎందుకు? నేను రోజూ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తాను, ఏ బాధా లేదు. పొద్దున్నే లేచి సూర్యనమస్కారాలు చేయండి, అంతా మనసులోనే ఉంది.

కాజీపేట జంక్షన్:
నమస్కారం పెడదామంటే సూర్యుడే రాలేదు బాబాయ్.
(నడక మాట మాత్రం నిజం. మబ్బు పట్టినా సరే, మధ్యాహ్నం బయట ఉండే వెలుతురు గదిలో ట్యూబులైటు కింద ఉండదు. తమ్మీ, క్లాసుల మధ్య పది నిమిషాలు దొరికినా బయటికి నడువు.)

ములుగు రోడ్డు అక్క:
స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో నర్సుగా చేస్తున్నాను. చలికాలంలో ఇక్కడి ఎండతో చర్మంలో విటమిన్ డి తయారవదు, అందులోనూ మన రంగుకు ఎండ ఇంకా ఎక్కువ కావాలి. బ్రిటన్‌లో అందరికీ ఈ నెలల్లో రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు వేసుకోమంటారు. ఇండియా నుంచి తెచ్చుకున్న 60,000 యూనిట్ల మాత్రలను రోజూ మింగేవాళ్లను చూశాను. అలా చేయొద్దు, రక్తంలో కాల్షియం పెరిగి కొత్త రోగం వస్తుంది. ఇంకో మాట తమ్ముడూ, ఏ పనీ చేయలేని స్థితి రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లు. చావు ఆలోచనలు వస్తే మాత్రం ఆ రోజే వెళ్లు, దీపం కొనేదాకా ఆగకు.

ఉట్నూరు నుంచి:
మీ మైనస్‌లు మాకు తెలియవు గానీ, మా ఆదిలాబాద్ వైపు కూడా ఒక్కోసారి 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. పోయిన ఏడాది మా అవ్వ తలుపులన్నీ బిగించి కుంపటి పక్కన పడుకుంది. తెల్లారి చూస్తే తలనొప్పి, వాంతులు, లేచి నిలబడలేకపోయింది. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని, దానికి వాసన కూడా ఉండదని ఆస్పత్రిలో చెప్పేదాకా మాకు తెలియదు. ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నవాళ్లు ఒకసారి ఫోన్ చేసి చెప్పండి, కుంపటి రాత్రికి గదిలో ఉండొద్దు.

హన్మకొండ పోరడు:
మూడు వారాలైంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మూల అలాంటి దీపమే ఉంది, ఇన్నాళ్లూ దాని పక్కనుంచే పోయాను! పొద్దున అక్కడే కూర్చుంటున్నాను. నిద్ర కొంచెం దారికొచ్చింది, దిగులు పూర్తిగా పోలేదు. శనివారాలు నలుగురం ఒకచోట చేరి వండుకుంటున్నాం. సంక్రాంతికని సకినాలు చేయబోతే చుట్టేటప్పుడే విరిగిపోయాయి, చివరికి నువ్వుల పిండిముక్కలు వేయించుకుని తిన్నాం. షాపులో దొరికిన పొడి బియ్యప్పిండి వాడాం, అందుకేనా?

ములుగు రోడ్డు అక్క:
అందుకే. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే మిక్సీ పట్టు. చుట్టినవి బట్ట మీద కాసేపు ఆరనిచ్చి, అప్పుడు నూనెలో వేయి. వాము మర్చిపోకు.