పంది జబ్బను పొగలో కాల్చే ముందు ఉడికించాలా?

హన్మకొండ సభ్యుడు:
పోయిన ఆదివారం మా డాబా మీద రెండు కిలోల సీమపంది జబ్బ ముక్కను బొగ్గుల మీద మూడు గంటలు కాల్చాము. పైన నల్లగా మాడింది, కోసి చూస్తే ఎముక పక్కన ఎర్రగానే ఉంది, మిగిలినదంతా రబ్బరులా సాగింది. ముందు కుక్కరులో ఉడికించి, ఆ తరువాత పొగ పట్టిస్తే ఈ తిప్పలు ఉండవని ఇంట్లో పెద్దలు అంటున్నారు. అది సరైన పద్ధతేనా?

జనగామ సభ్యుడు:
పెద్దల మాటే సరైనదని నా అభిప్రాయం. మన దగ్గర పందులు ఎక్కడ తిరిగి ఏం తిన్నాయో అన్నిసార్లూ తెలియదు. మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉంటే, సగం కాలిన ముక్క తిన్నవారి పేగుల్లో ఆ పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు శుభ్రం లేని చేతుల ద్వారానో నీటి ద్వారానో నోట్లోకి చేరితే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు వస్తాయి. రుచి కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు?

కరీంనగర్ సభ్యురాలు:
జనగామ అన్నగారి భయం న్యాయమైనదే, కానీ దానికి మందు కుక్కరు ఒక్కటే కాదు. ముందే ఉడికిస్తే మాంసపు రసం నీళ్లలోకి దిగిపోతుంది, పొగ కూడా సరిగా పట్టదు. పచ్చి మాంసం చల్లగా, తడిగా ఉన్నప్పుడే పొగను బాగా పీల్చుకుంటుంది.

హన్మకొండ తమ్ముడి ముక్కలోనే తప్పు ఎక్కడ జరిగిందో కనిపిస్తోంది. పైన మాడి లోపల ఎర్రగా ఉన్నదంటే నిప్పులు సరిగ్గా ముక్క కిందనే ఉన్నాయి, కొవ్వు కారి మంట లేచింది. నిప్పులను ఒక పక్కకు నెట్టి, ముక్కను రెండో పక్కన పెట్టి, మూత వేసి లోపలి వేడిని 110 నుంచి 120 డిగ్రీల మధ్య నిలపాలి. రెండు కిలోల జబ్బకు 6 నుంచి 8 గంటలు పడుతుంది, మూడు గంటలు ఏ మూలకూ చాలవు. ముక్క మధ్యలో వేడి 65, 70 డిగ్రీలకు చేరాక ఎంతసేపటికీ పెరగదు. తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్లు చల్లబడినట్లే, పైకి ఊరే తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది. చాలామంది ఇక్కడే ఓపిక పట్టలేక బొగ్గులు గుమ్మరిస్తారు. అప్పుడు అల్యూమినియం రేకు చుట్టి 90 దాటేదాకా ఉంచితే జబ్బలోని నరాలూ పొరలూ కరిగి జిగురుగా మారతాయి, ఆ రబ్బరుతనం పోతుంది. అంత వేడికి ఏ తిత్తీ బతకదు.

కట్టె మామిడిదో జామదో, బాగా ఎండినదై ఉండాలి. పచ్చికట్టె తెల్లని చిక్కటి పొగతో మాంసం చేదెక్కుతుంది. రంగులు వేసిన పాత తలుపుల చెక్కను దయచేసి ఎవరూ వాడవద్దు.

జనగామ సభ్యుడు:
జబ్బ విషయంలో ఒప్పుకుంటున్నాను. మరి కొవ్వు లేని వీపు ముక్క సంగతి? అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది ముక్కలకు 63 డిగ్రీలు, ఆపై మూడు నిమిషాల విరామం చాలని చెప్పిందని ఇక్కడి కుర్రాళ్లు అదే పట్టుకుంటున్నారు.

కరీంనగర్ సభ్యురాలు:
ఆ లెక్క తనిఖీ ఉన్న మాంసానికి చెప్పినది. మన సంతలో కొన్న వీపు ముక్కను 71కి తక్కువ దించను, కాస్త పొడిబారినా సరే. థర్మామీటరు లేని ఇంట్లో మాత్రం మీరన్నట్లు ముందే ఉడికించడమే మేలు.