హైటెన్షన్ లైనులో ఆదివాసులకు సగం వాటా: హక్కా, ఒప్పించడానికి కట్టే ధరా?

లైన్‌మన్ కొడుకు (థండర్ బే):
కెనడాలో ఒంటారియో పడమటి వైపు కొత్త 230 కేవీ లైను ఒకటి వస్తోంది, పేరు వాసిగన్. మా ఊరి పక్కనున్న షూనియాలో మొదలై అటికోకన్ మీదుగా డ్రైడెన్ దాకా, దాదాపు 360 కిలోమీటర్లు. ఖర్చు 120 కోట్ల డాలర్ల దాకా. కడుతున్నది ఒంటారియోలోని పెద్ద కరెంటు లైన్ల కంపెనీ హైడ్రో వన్. 2024 ఏప్రిల్‌లో కరెంటు ధరల్ని నియంత్రించే ఒంటారియో ఎనర్జీ బోర్డు అనుమతి ఇచ్చింది. ఇందులో తొమ్మిది ఫస్ట్ నేషన్స్‌కి, అంటే అక్కడి మూలవాసుల సమాజాలకి, సగం వరకూ ఈక్విటీ వాటా, అంటే యాజమాన్యంలో భాగం. ఇదొక్క లైనుకే కాదు, 10 కోట్ల డాలర్లు దాటే కొత్త లైన్లన్నిటికీ ఇదే పద్ధతి అని హైడ్రో వన్ 2022లో ప్రకటించింది.

మా నాన్న తూర్పుగోదావరిలో లైన్‌మన్. పొలంలో టవర్ వేస్తామని వచ్చినప్పుడు రైతుని ఎవరైనా "నీకిది సమ్మతమేనా" అని అడగటం నేను చూడలేదు. అందుకే ఈ పద్ధతి నాకు గొప్పగా తోచింది. కానీ ఆఫీసులో మనవాళ్ళే చాలామంది ఇది తప్పంటున్నారు. మీరేమంటారు?

కరెంటు లెక్కలు (మిస్సిసాగా):
తప్పనే అంటాను, కారణం చెబుతాను. ఒంటారియోలో ట్రాన్స్‌మిషన్ ఖర్చంతా ఒకే కుండలో పోసి రాష్ట్రమంతటి బిల్లుల్లో పంచుతారు. అడవిలో వేసిన లైనుకి నేనూ కడతాను. ఉత్తరాన వతేనికనేయప్ లైను చూడండి. 1,800 కిలోమీటర్లు, సుమారు 190 కోట్ల డాలర్లు, అందులో 160 కోట్లు ఫెడరల్ ప్రభుత్వ సాయం. కలిపేది 17 ఊళ్ళు, ఇరవై వేలలోపు జనం. తలకి ఎంత పడిందో లెక్కేసుకోండి. పైగా సంప్రదింపుల పేరుతో ఏళ్ళకేళ్ళు గడిచిపోతాయి. ఆలస్యమైన ప్రతి ఏడూ వడ్డీయే.

లైన్‌మన్ కొడుకు:
లెక్కలు గారూ, ఒక్క మాట. బోర్డు లెక్క ప్రకారం లైను పెట్టుబడిలో 60 పాళ్ళు అప్పు, 40 పాళ్ళు ఈక్విటీ. ఆ ఈక్విటీ మీద ఏటా 9 శాతానికి అటూఇటూ రాబడి బిల్లుల్లోంచే వస్తుంది. వాటాదారు టొరంటోలోని పెన్షన్ ఫండ్ అయినా, లాక్ డెస్ మిల్ లాక్స్ ఫస్ట్ నేషన్ అయినా మీ బిల్లు అదే. మారేది ఆ డబ్బు చేరే చోటు మాత్రమే.

కరెంటు లెక్కలు:
ఒప్పుకుంటాను. అయితే మిగతా సగం లెక్క కూడా వేయండి. 120 కోట్లలో 40 శాతం 48 కోట్లు. అందులో సగం 24 కోట్లు. ఆ డబ్బు ఈ తొమ్మిది సమాజాల దగ్గర లేదు, అప్పు తేవాలి. ఒంటారియోలో 2009 నుంచి దీనికి రుణ హామీ పథకం ఉంది, అందువల్ల అప్పు పుడుతుంది. వడ్డీ 5 శాతం అనుకుందాం. ఏటా రాబడి 2 కోట్ల 16 లక్షలు, వడ్డీ కోటీ 20 లక్షలు. మిగిలేది 96 లక్షలు, తొమ్మిది పాళ్ళు చేస్తే తలా పదిన్నర లక్షల పైన, అసలు తీర్చకముందు. దీన్నే "సగం యజమానులు" అని చెప్పుకుంటున్నారు. నా బాధ బిల్లు గురించే కాదు. ఆ సమాజాలకి ఇంతకంటే మంచి బేరం రావాలి.

మంచుదారి (సూ లుకౌట్):
నర్సుని. ఉత్తరాన విమానం తప్ప వేరే దారి లేని ఒక ఊళ్ళో రెండేళ్ళు పనిచేశాను, ఊరి పేరు చెప్పను. లెక్కలు అన్నయ్య "తలకి ఎంత పడింది" అని అడిగాడు కాబట్టి చెబుతున్నాను.

మా క్లినిక్ వెనకే డీజిల్ జనరేటర్లు. రాత్రీ పగలూ ఒకటే మోత. మొదటి నెల నిద్ర పట్టలేదు. తర్వాత మోత ఆగితేనే మెలకువ వచ్చేది. జనవరిలో ఒక రాత్రి అలాగే ఆగింది. బయట మైనస్ 36. ముందు టీకాల ఫ్రిజ్, తర్వాత ఆక్సిజన్ మిషన్ మీదున్న పెద్దాయన. ఆయన మనవరాలు ఫోను లైటు పట్టుకుంది, నేను సిలిండర్ మార్చాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నలభై నిమిషాలకి మళ్ళీ మోత మొదలైంది. ఆ చప్పుడుకి అంత సంతోషం కలుగుతుందని అనుకోలేదు.

ఇంకొకటి. జనరేటర్ సామర్థ్యం నిండిపోతే కొత్త ఇంటికి కనెక్షన్ ఇవ్వరు. కట్టిన ఇళ్ళు తాళాలేసి ఉండేవి, పక్కింట్లో పన్నెండుగురు సర్దుకునేవాళ్ళు. డీజిల్ కూడా చలికాలంలో గడ్డకట్టిన సరస్సుల మీద వేసిన దారిలోనే రావాలి, లేకపోతే విమానంలో. 2024 ఫిబ్రవరిలో చలి తగ్గి ఆ దారులు కరిగిపోతే ఉత్తరాది ఫస్ట్ నేషన్స్ కూటమి నిష్నావ్‌బే అస్కీ నేషన్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. డీజిల్‌కి ఏటా ఎంత పోసేవాళ్ళో అది కూడా ఆ 190 కోట్ల పక్కన పెట్టి చూడండి.

వతేనికనేయప్ అంటే "వెలుగు తెచ్చే గీత" అని అర్థం. పెద్దలు పెట్టిన పేరు.

పాడేరు మాస్టారు:
చాలా దూరం నుంచి రాస్తున్నాను, కానీ కథ దగ్గరిదే. మా ఏజెన్సీ సరిహద్దున ఒడిశా వైపు మాచ్‌ఖండ్‌లో 1955లోనే కరెంటు పుట్టింది. తీగలు కొండల మీదుగా మైదానానికి పోయాయి, వాటి కింది గూడేల్లో ఎన్నో ఏళ్ళు కిరసనాయిలు బుడ్డే. ఆదివాసీ ప్రాంతాలకి రక్షణగా రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు ఉంది, గ్రామసభకి అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది, ఏజెన్సీ భూమిని ప్రైవేటు కంపెనీలకి ఇవ్వకూడదన్న సమతా తీర్పూ 1997లో వచ్చింది. అయినా టవర్ విషయంలో 2003 విద్యుత్ చట్టం కింద యజమాని సమ్మతి లేకుండానే పని సాగించే పాత టెలిగ్రాఫ్ చట్టం అధికారాలే నడిచాయి. భూమి నీదే, తీగ మాత్రం వాళ్ళది. 2024 జూన్‌లో కేంద్రం టవర్ అడుగు భూమికి విలువలో 200 శాతం, తీగల కింద పట్టీకి 30 శాతం పరిహారం ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. అదైనా ఒక్కసారి చేతిలో పెట్టి పంపే డబ్బు. నలభై ఏళ్ళు రాబడి వచ్చే వాటా గురించి మా గ్రామసభలో ఎవరూ ఊహించను కూడా లేదు. ఒక్క సందేహం. అక్కడ వాళ్ళకి "వద్దు" అనే హక్కు ఉందా?

లైన్‌మన్ కొడుకు:
మాస్టారూ, అసలు ముడి పట్టుకున్నారు. 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ ఆదివాసీ, ఒప్పంద హక్కుల్ని గుర్తిస్తుంది. 2004లో హైదా అనే ఆదివాసీ సమాజం వేసిన కేసులో కెనడా సుప్రీంకోర్టు, ప్రభుత్వం వాళ్ళని సంప్రదించి తీరాలంది. కానీ దాన్ని వీటో, అంటే ఆపేసే హక్కు, అనలేదు. ముందే అడగాలి, విని సర్దుబాటు చేయాలి, అంతవరకే.

ఈ రెండు రోజులూ మీ మాటలు చదివాక నా అభిప్రాయం కొంచెం జరిగింది. వాటా ఎంత అనే దానికంటే ఎప్పుడు అడిగారన్నదే పెద్ద ప్రశ్న. వతేనికనేయప్‌లో లైను కావాలన్న కోరికే ఆ ఊళ్ళది. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, 24 ఫస్ట్ నేషన్స్ కలిసి 51 శాతం తమ దగ్గర ఉంచుకుని ఆ తర్వాత కంపెనీని పిలిచారు. మొదట కలిసిన పికాంగికమ్‌కి 2018 డిసెంబర్‌లో కరెంటు వచ్చింది. వాసిగన్ వేరు. ప్రభుత్వం ఆ పని హైడ్రో వన్‌కి అప్పగించింది 2013లో, సగం వాటా మాట పైకొచ్చింది 2022లో. తొమ్మిదేళ్ళ తేడా. ఈలోగా అవసరం ఎంతో, ఏ కొస నుంచి ఏ కొసకో తేలిపోయింది.

వాసిగన్ తొమ్మిదిలో ఒకరైన లాక్ స్యూల్ వాళ్ళని తల్చుకోండి. 1929లో ఇయర్ ఫాల్స్ దగ్గర ఆనకట్ట కట్టారు, సరస్సు మూడు మీటర్లు పెరిగింది, కెజిక్ బే అనే వాళ్ళ ఊరు దీవి అయిపోయింది. ఇళ్ళూ, సమాధులూ, అడవి వరి కోసుకునే చోట్లూ నీళ్ళలోకి పోయాయి. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్ళ ముందు గీసేసిన మ్యాపు పరిచి "మీకు 50 శాతం" అంటే వాళ్ళకి మొదట కనిపించేది మ్యాపే.

కరెంటు లెక్కలు:
మంచుదారి గారూ, డీజిల్ ఖర్చు పక్కన పెట్టకుండా మాట్లాడటం నా పొరపాటు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాసిగన్ మీద మాత్రం నా ప్రశ్న అలాగే ఉంది. తొమ్మిదిలో ఎనిమిది సరే అని, ఒకటి కాదంటే ఏం చేస్తారు? వాటా తీసుకున్న పొరుగువాళ్ళే ఆ ఒక్కదాన్ని నొక్కరా? కంపెనీ చేసే ఒత్తిడి పనిని చుట్టాల చేత చేయించినట్టు కాదా?

మంచుదారి:
అవుతుంది అన్నయ్యా, ఆ భయం నిజమే. నేను పనిచేసిన ఊళ్ళోనూ లైను విషయంలో ఒకే ఇంట్లో రెండు మాటలు విన్నాను. నేను చెప్పిన ఆ పెద్దాయన వేటగాడు. లైను కావాలన్నాడు. కానీ లైను కింది పొదలు పెరగకుండా మందు కొడితే మాత్రం ఒప్పుకోనన్నాడు. బ్లూబెర్రీలు అక్కడే కాస్తాయి, దుప్పి అక్కడే మేస్తుంది, తినేది మేమే అన్నాడు. మందు బదులు మనుషులతో కోయించాలి, ఆ పని ఊళ్ళో పిల్లలకే ఇవ్వాలి, ఇదీ ఆయన షరతు. వాటా ఎంత శాతమని నన్ను ఒక్కసారీ అడగలేదు.

పాడేరు మాస్టారు:
ఆ షరతు కాగితం మీదికి ఎక్కిందా తల్లీ?

మంచుదారి:
నేను వచ్చేసే నాటికి ఇంకా మాట్లాడుకుంటున్నారు. వచ్చే నెల సెలవులో మళ్ళీ వెళ్తున్నాను మాస్టారూ. ఆయన్నే అడిగి రాస్తాను.