'కణం' అంటే గింజ, 'సెల్' అంటే గది

ఈ వారం మాట 'కణం'. జీవశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నా నోట్లో రోజూ నలిగేదే. దాని గురించి ఇంతగా ఆలోచింపజేసింది మాత్రం ఎనిమిదో తరగతి పాప.

ఉల్లిపొర ప్రయోగం చేయిస్తున్నాను. ఉల్లిపాయ ముక్క లోపలివైపు నుంచి పట్టకారుతో పల్చటి పొర లాగి, గాజు పలక మీద నీటిచుక్కలో పరిచాం. సఫ్రానిన్ అనే ఎర్ర రంగు ఒక్క చుక్క వేసి, బుడగలు రాకుండా కవర్ స్లిప్ అనే పల్చటి గాజు ముక్కని మెల్లగా వాల్చాం. ఆ అమ్మాయి మైక్రోస్కోపుకి కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "సార్, ఇటుకలు పేర్చిన గోడలా ఉందండీ. ఒక్కో ఇటుకలో ఓ ఎర్ర చుక్క ఉంది. ఆ చుక్కలేనా కణాలు?"

ఆ చుక్క కేంద్రకం, అంటే కణం లోపల ఉండే ఒక భాగం. కణం అంటే ఇటుక మొత్తం. పాప చూపులో తప్పేమీ లేదు, తెలుగు మాటని నమ్ముకుని వెతికింది, అంతే. కణం అంటే మనకి గింజ, నలుసు, చుక్క. అగ్నికణం, జలకణం అంటాం. వైశేషిక దర్శనం అనే ప్రాచీన తత్వశాస్త్రం చెప్పిన కణాదుడి పేరుకి కూడా గింజలు తిని బతికినవాడనే అర్థం చెబుతారు. అలాంటి మాట విన్న పిల్లలు చుక్క కోసమే చూస్తారు. కవర్ స్లిప్ కింద గాలిబుడగ ఉంటే దాన్నే కణం అనుకుని బొమ్మ గీసేవాళ్ళూ ఉన్నారు, అది గుండ్రంగా ఉంటుంది కాబట్టి.

ఇంగ్లీషు మాట 'సెల్' దారి వేరు. 1665లో ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సీసా బిరడాలు చేసే కార్కుని పదునైన చాకుతో పల్చగా చెక్కి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. తేనెపట్టులాగా గదులు కనిపించాయి. లాటిన్‌లో 'సెల్లా' అంటే చిన్న గది, ఆ మాటే పెట్టాడు. అంగుళంలో పద్దెనిమిదో వంతు పొడవున సుమారు 60 గదులు లెక్కపెట్టి, ఘనపు అంగుళానికి 125 కోట్లకు పైనే ఉంటాయని లెక్క కట్టాడు. ఆ ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆయన చూసినవి ఖాళీ గదులు. కార్కు చచ్చిన కణాల బెరడు, గోడలు మాత్రమే మిగిలాయి. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త లోపలి కేంద్రకానికి పేరు పెట్టడానికి 1831 దాకా పట్టింది.

కాబట్టి ఏ మాటా పూర్తిగా సరిపోలేదు. 'సెల్' గోడ చూపించి లోపలిది మరిచింది. మన 'కణం' లోపల నిండుగా ఉన్నదని చెప్పి గోడని వదిలేసింది. రక్తకణం దగ్గర మాత్రం మన మాటే అందంగా కుదిరింది. ఏడెనిమిది మైక్రోమీటర్ల (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎర్ర రక్తకణానికి గట్టి గోడ లేదు, పల్చటి పొరే. రక్తంలో గింజలా కొట్టుకుపోతుంది.

ఇంకో చిక్కు: భౌతికశాస్త్రంలో ఎలక్ట్రానూ కణమే. అందుకే పాఠంలో మొదటిసారి 'జీవకణం' అని, తర్వాత 'కణం' అనడం నాకు నచ్చుతుంది. మీరేమంటారు?

స్పందన: మాస్టారూ, హిందీవాళ్ళు 'కోశికా' అంటారు, కన్నడంలో 'జీవకోశ'. కోశం అంటే ఒర, పెట్టె. గది అర్థానికి అదే దగ్గర కదండీ, మనమెందుకు తీసుకోలేదు?

నా జవాబు: అర్థం వరకు మీరన్నది నిజమేనండీ. తెలుగులో ఆ మాటకి వేరే పని ఉంది. గర్భకోశం ఒక అవయవం, అందులో ఉండేవి కోట్ల కణాలు. 'గర్భకోశంలోని కోశాలు' అని చెప్పి చూడండి, విన్నవాళ్ళు తికమకపడతారు. పైగా 'కణజాలం' అనే మంచి మాట పోతుంది. ఇంగ్లీషు 'టిష్యూ'కి మూలం నేత, నేసిన బట్ట. మనం జాలం, అంటే వల అన్నాం. ఆ మాట నాకు చాలా ఇష్టం.

స్పందన: మా అమ్మమ్మకి సెల్లంటే టార్చిలైట్‌లో వేసేది, మా నాన్నకి ఫోను. అన్నీ ఒకటేనా అండీ?

నా జవాబు: మాట ఒకటేనమ్మా. ఫోను విషయంలో గది అర్థం సూటిగానే ఉంది. ఊరిని చిన్న చిన్న గదులుగా విభజించి, ఒక్కో గదికి సిగ్నల్ అందేలా టవర్లు పెడతారు. కాగితం మీద గీస్తే తేనెపట్టులాగే ఉంటుంది. హుక్ కార్కులో చూసిన బొమ్మ కూడా దాదాపు అదే. ఆ పాప రికార్డు పుస్తకంలో మొన్న ఇలా రాసుకుంది: "ఇటుక మొత్తం కణం. ఎర్ర చుక్క దాని కేంద్రకం."