మస్కట్‌లో ఉంటూ పర్లాకిమిడిలో పాత చేతక్ కొనడం ఎలా?

ప్రశ్న (మస్కట్ నుంచి):
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏడాదికోసారి సెలవుకి వస్తాను. టూ స్ట్రోక్ చేతక్ (పెట్రోల్లో ఆయిల్ కలిపి నడిపే పాత బజాజ్ స్కూటర్) ఒకటి కొనుక్కోవాలని ఎప్పట్నించో కోరిక. పాతపట్నంలో ఒకాయన దగ్గర 1996 మోడల్ ఉంది, ఏపీ 30 (శ్రీకాకుళం జిల్లా) నంబరు. ఆర్సీ వాళ్ల నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన కాలం చేశారు. ఫొటోల్లో బండి మెరిసిపోతోంది. తీసుకోవచ్చా? నేను లేని పదకొండు నెలలూ కదలకుండా ఉంటే పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (పర్లాకిమిడి):
తమ్ముడూ, బండి సంగతి తర్వాత, ముందు కాగితాలు చూడు. పాతపట్నం మనకి పక్క వీధి లాంటిదే గానీ ఆర్టీఓ లెక్కలో అది వేరే రాష్ట్రం. అక్కడి నంబరుతో ఇక్కడ 12 నెలలు మించి ఉంచుకుంటే ఒడిశా నంబరు తీసుకోవాలి, ఇక్కడ ట్యాక్సూ కట్టాలి. దానికి ఏపీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) రావాలి, అది ఫారం 28. అమ్మకానికి 29, 30. ఇక్కడ కొత్త నంబరుకి 27.

అసలు చిక్కు వేరే ఉంది. ఆర్సీలో ఉన్నాయన లేరు కాబట్టి ముందు ఫారం 31తో వారసుల పేరుకి మారాలి. 1996 బండికి 2011లోనే పదిహేనేళ్లు నిండాయి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించారా? వాహన్ సైట్‌లో (బండ్ల వివరాలుండే ప్రభుత్వ సైట్) నంబరు కొట్టి చూడు. బండి వివరాలే రాకపోతే వాళ్ల ఆఫీసుకి వెళ్లి ఎక్కించుకోవాల్సింది అమ్మేవాళ్లే. ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. నీ పేరు మీద కాకుండా నాన్నగారి పేరు మీద తీసుకో. సంతకాలకి, ఓటీపీలకి ఊళ్లో ఉన్న మనిషే నయం.

నా మాట వింటే మన జిల్లా నంబరు, అంటే ఓడీ 20 గానీ పాత ఓఆర్ 20 గానీ ఉన్న బండి దొరికేదాకా ఆగు. రెండు మూడు వేలు ఎక్కువైనా పరవాలేదు.

జవాబు (గుణుపురం):
మెరుపు చూసి మోసపోకండి. చేతక్‌కి విడిగా చాసిస్ ఉండదు, ఆ రేకు బాడీయే చాసిస్. కాళ్లు పెట్టుకునే చోట మ్యాట్ ఎత్తించి, కిందనుంచి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడమనండి. గట్టి రేకు ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట అయస్కాంతం పెట్టండి. లోపల పుట్టీ ఉంటే అంటుకోదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోయినా, గేర్ ఆయిల్ తగ్గిపోతున్నా క్లచ్ వైపు ఆయిల్ సీల్ పోయినట్టే. సీల్ ఖరీదు తక్కువే, కానీ ఇంజన్ విప్పాలి. పాత బండ్లు తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వాలి.

ప్రశ్న (మస్కట్ నుంచి):
ధన్యవాదాలు అన్నా, ధన్యవాదాలండీ. నాన్నగారు ఇప్పుడు గేర్ల బండి నడపలేరు. నెలకోసారి స్టాండ్ మీదే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే సరిపోతుందా?

జవాబు (గుణుపురం):
వద్దండీ. ఐదు నిమిషాల్లో ఇంజన్ సరిగా వేడెక్కదు. సైలెన్సర్‌లో చెమ్మ, నూనె జిడ్డు పేరుకుంటాయి. ఎవరైనా నెలకి రెండుసార్లు ఏడెనిమిది కిలోమీటర్లు తిప్పితే మంచిదే. లేదంటే వాడకం పూర్తిగా ఆపేసి భద్రపరచండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది చెమ్మని పీల్చుకుంటుంది, మన వానల సంగతి తెలిసిందే. నెలల తరబడి ట్యాంకులో ఉంటే ట్యాంకు తుప్పు పడుతుంది, కార్బొరేటర్ జెట్ మూసుకుపోతుంది. అందుకే బయల్దేరే ముందు పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే ట్యాప్) మూసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ట్యాంకు ఖాళీ చేసి, కొంచెం టూటీ ఆయిల్ (పెట్రోల్లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్) పోసి లోపలంతా తడిసేలా కుదపండి. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచాడు టూటీ ఆయిల్ వేసి, నాలుగైదు సార్లు మెల్లగా కిక్ కొట్టి మళ్లీ బిగించేయండి. బ్యాటరీ ఉంటే వైరు తీసేయండి. కింద చెక్క దిమ్మ పెట్టి రెండు చక్రాలూ నేలకి ఆనకుండా లేపండి. కప్పడానికి నూలు దుప్పటి వాడండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, నాన్నగారిని అప్పుడప్పుడు దుప్పటి ఎత్తి చూడమనండి.

వచ్చాక కొత్త పెట్రోలు, లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ. క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉండొచ్చు. స్టార్ట్ చేయకముందే సెకండ్ గేర్‌లో వేసి, క్లచ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ నెట్టితే విడిపోతాయి. బ్రేకులు చూసుకున్నాకే రోడ్డెక్కండి.

జవాబు (పర్లాకిమిడి):
బండి నిద్రపోతున్నా ఇన్సూరెన్స్ తేదీ మర్చిపోకు. సెలవుకి వచ్చే ముందే ఆన్‌లైన్‌లో కట్టెయ్. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం బండి నడిచే స్థితికి వచ్చాక ఇక్కడే తీసుకోవాలి.

ప్రశ్న అడిగిన వ్యక్తి (మస్కట్ నుంచి):
పాతపట్నం ఆయనకి ఫారం 31 గురించి ఫోన్‌లో చెప్పాను. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెట్టాలట, అడిగి చెప్తానన్నారు. ఈలోగా ఓడీ 20, ఓఆర్ 20 నంబరు బండి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఆదివారం నాన్నగారిని మెకానిక్‌తో పంపిస్తాను.