కలంకారీకి సమకాలీన చిత్రశాలలో చోటు ఉండాలా?

తిరుచానూరు వాసి:
గత ఆదివారం మా అమ్మాయిని తీసుకుని చెన్నై వెళ్ళి, ఇంజంబాక్కంలోని చోళమండల్ కళాకారుల గ్రామంలో మధ్యాహ్నమంతా తీరికగా గడిపాను. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ తన శిష్యులతో, సహచరులతో కలిసి 1966లో స్థాపించిన గ్రామమది. చిత్రాలన్నీ చూశాక మా అమ్మాయి, "మన కాళహస్తి కలంకారీ బొమ్మలు ఇలాంటి చోట ఎందుకు లేవు నాన్నా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

చిత్తూరు పాఠకుడు:
ఉండనవసరం లేదనే నా అభిప్రాయం. కలంకారీ గొప్పదనాన్ని నేను కాదనడం లేదు. అయితే రామాయణ ఘట్టాలను తరతరాలుగా వచ్చిన పద్ధతిలో గీయడం ఒక విద్య, తన కాలాన్ని తన చూపుతో ప్రశ్నించడం మరొకటి. రెండింటినీ ఒకే గోడకు వేలాడదీస్తే దేనికీ న్యాయం జరగదు.

శ్రీకాళహస్తి సభ్యురాలు:
స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ పేరుతో అమ్మే చీరల కోసం నేను వాదించను. కానీ పద్ధతి ఉన్నచోట చూపు ఉండదనడం నాకు సమ్మతం కాదు. కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, చింతబరికెల బొగ్గుతో గీసుకున్న చిత్తుపై, ఉన్ని చుట్టిన వెదురు కలంతో గీత వేస్తారు. ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ఆ సిరా మొదట లేతగా పడి, కరక్కాయ వగరు తగలగానే మన కళ్ళ ముందే నల్లబడుతుంది. ఇక దాన్ని చెరపడం సాధ్యం కాదు. అంత నిశ్చయంతో పడే గీతను కేవలం అలవాటు అనగలమా?

మరొక సంగతి. చోళమండల్ కళాకారులు బాతిక్ (మైనంతో చేసే బట్టల అద్దకం) వంటి చేతిపనులు అమ్మిన డబ్బుతోనే ఆ స్థలం కొన్నారు. అక్కడ హస్తకళ, చిత్రకళ ఒకే చేతుల్లో బతికాయి. మా ఊరి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, అందుకు ఎంతో సంతోషించాము. అయినా చిత్రశాలలో ప్రతి బొమ్మ పక్కన గీసినవారి పేరు, గీసిన సంవత్సరం ఉంటే, మా ఊరి గుడ్డకు చాలా దుకాణాల్లో ధర చీటీ ఒక్కటే ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

చిత్తూరు పాఠకుడు:
పేరు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ చిత్రశాలకు ఏ గుడ్డను ఎంచుకోవాలి? కొత్త కథావస్తువు ఉన్నదాన్నా?

శ్రీకాళహస్తి సభ్యురాలు:
వస్తువు కొత్తదే కానక్కర్లేదండి. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరుసల్లో చిన్న ఘట్టాలు ఉన్న గుడ్డను తీసుకోండి. రామ పట్టాభిషేకాన్ని నడుమ నిలిపినవారికీ, అదే చోట అశోకవనంలోని సీతను కూర్చోబెట్టి పట్టాభిషేకాన్ని ఒక మూలకు జరిపినవారికీ కథ ఒక్కటే. ఏది పెద్దది కావాలో, దేన్ని వదిలేయాలో నిర్ణయించుకున్నది మాత్రం గీసిన మనిషే. ఆ నిర్ణయం స్పష్టంగా కనిపించే గుడ్డను, గీసినవారి పేరుతో సహా, ఆ గోడకు వేలాడదీయమనే నేను అడుగుతున్నాను.