ఫెమినిస్ట్ కౌన్సెలింగ్‌కి పోతే మొగుణ్ణి వదిలేయమంటారా? (కడప నుంచి అడుగుతున్నా)

లెక్కల టీచర్, కడప:

అందరికీ నమస్తే. నేను కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇద్దరు పిల్లలు. కొన్నాళ్ళుగా రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, మెడ నుంచి తలకి పాకే నొప్పి. థైరాయిడ్ చూశారు, ఈసీజీ తీశారు, స్కానింగ్ కూడా అయింది. అన్నీ నార్మలే. "టెన్షన్ తగ్గించుకోమ్మా, ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్ళు" అన్నారు డాక్టరు.

వెళ్ళాను. మా ఆయన్ని కూడా రమ్మన్నారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి "మీ సమస్య ఏందో చెప్పండి" అంటే ఏం చెప్పేది? జీతం పడిన రోజే నా ఏటీఎం కార్డు మా అత్త చేతికి పోతుందని, ఆటో చార్జీకి కూడా పొద్దున్నే అడుక్కోవాలని, రాత్రయితే నా ఫోన్ తీసి చూస్తారని ఆయన ముందే చెప్పి, మళ్ళీ ఆయన బండి మీదే ఇంటికి పోవాలి కదా. పిల్లల మార్కుల గురించి ఏదో మాట్లాడి ఊరుకున్నా. చివరికి ఆ కౌన్సెలర్ తేల్చిందేమంటే, మగవాళ్ళకి కోపం సహజం, మీరు చదువుకున్నవాళ్ళు, మీరే కాస్త సర్దుకోవాలి, పొద్దున్నే ప్రాణాయామం చేయండి అని. ఆ పొద్దున్నే ఎప్పుడో నాకర్థం కాలేదు. ఐదింటికి నీళ్ళు పట్టడంతో మొదలైతే స్కూల్ బస్సు ఎక్కేదాకా ఊపిరి సలపదు.

బెంగళూరులో ఉన్న మా చెల్లెలు ఫెమినిస్ట్ థెరపీ చేసే కౌన్సెలర్ ఒకామె ఫోన్లో మాట్లాడతారు, చూడక్కా అంటోంది. ఆ మాట మా ఆయన చెవిన పడింది. "వాళ్ళు కొంపలు కూల్చేవాళ్ళు" అన్నాడు. నాకు విడాకులు వద్దు. ఆయన తాగడు, కొట్టడు. నాకు నిద్ర పడితే చాలు. అసలు వాళ్ళు ఏం చేస్తారు? మామూలు కౌన్సెలింగ్‌కీ దానికీ తేడా ఏంది? వెళ్ళినవాళ్ళు, చేసేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

టవర్‌క్లాక్, అనంతపురం:

అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఇవన్నీ అమెరికాలో పుట్టినవి. మనకి ఇంటి పెద్దలున్నారు. మీ మేనమామనో పెదనాయననో పిలిపించి కూర్చుని మాట్లాడితే తేలే విషయం ఇది. ఇంకో అనుమానం కూడా ఉంది. కౌన్సెలర్ అంటే ఎటూ మొగ్గకుండా ఉండాలి గదా? ముందే ఆడవాళ్ళ పక్షం అని బోర్డు పెట్టుకున్నాక ఇంక న్యాయం ఏముంటుంది?

బళ్ళారి చౌరస్తా, కర్నూలు:

టీచరమ్మా, నేను కర్నూల్లో ఈ పద్ధతిలోనే కౌన్సెలింగ్ చేస్తాను. మీ అసలు ప్రశ్నకి ముందు జవాబు: వదిలేయమని చెప్పరు. సర్దుకుపొమ్మనీ చెప్పరు. మీ బతుకు గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరన్నది ఇందులో మొదటి సూత్రం. నిద్ర కావాలని మీరు పోతే, ఆ నిద్ర కోసమే పని జరగాలి. ఎవరైనా మొదటి రోజే "ఇంకా ఎందుకు పడుంటావమ్మా" అంటే వాళ్ళకి ఫీజు ఇవ్వకుండా లేచి వచ్చేయండి.

అయితే నిద్ర గురించి అడిగే తీరు వేరేగా ఉంటుంది. అన్నీ నార్మల్ అన్నారు కదా, మీ ఏటీఎం కార్డుని మాత్రం ఎవరూ స్కానింగ్ చేయలేదు. మేం అక్కడ మొదలుపెడతాం. డబ్బు ఎవరి చేతిలో ఉంది, పుట్టింటికి పోవాలంటే ఎవరిని అడగాలి, ఫోన్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారు. ఒకావిడకి (వివరాలు మార్చి చెప్తున్నా) తెల్ల కాగితం ఇచ్చి, ఇంట్లో మీ మాట చెల్లేవి ఏమేం ఉన్నాయో రాయండి అన్నాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. "కూర" అని రాసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి అది కొట్టేసి "చట్నీ" అని రాసింది. కూర ఏం చేయాలో కూడా మామ చెప్తాడంట. ఆవిడకి అప్పటిదాకా డిప్రెషన్ అనే ఒక్క మాటే చెప్పి పంపుతున్నారు. డిప్రెషన్ ఉన్నమాట నిజమే, మాత్రలు ఆపమని నేనూ చెప్పలేదు, మాత్రల వల్లే ఆవిడ నా దాకా వచ్చి కూర్చోగలిగింది. కానీ ఆ కాగితం చూసుకున్నాక "నాకు ఓర్పు తక్కువ మేడం" అనడం మాత్రం మానేసింది.

ఇంకోటి చిన్నప్పటి నుంచి విన్న మాటలు. మన సీమలో ఆడపిల్లకి ఉగ్గుపాలతో పోసేది "గమ్మునుండు" కదా. నవ్వొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, మగపిల్లోడు తిన్నాక తిను. అవన్నీ ఎవరు చెప్పారు, వాటివల్ల ఎవరికి సుఖం, మీకు ఏం మిగిలింది అని ఒక్కొక్కటే తీసి చూస్తాం. అన్నీ పారేయమని కాదు. వాళ్ళ జేజి చెప్పిన మాటల్లో "వాకిట్లోకి వచ్చినోళ్ళకి అన్నం పెట్టకుండా పంపొద్దు" అన్నదాన్ని ఒకావిడ ఉంచుకుంటానంది. ఉంచుకుంది. ఏది ఉంచాలో ఏది తీయాలో ఆమె ఇష్టం.

తమ్ముడూ, మీ అనుమానం సంగతి. 1970లో అమెరికాలో బ్రోవర్‌మన్ అనే సైకాలజిస్టు, ఆమె తోటివాళ్ళు ఒక పరిశీలన అచ్చువేశారు. 79 మంది మానసిక వైద్యులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లని తీసుకుని, కొందరిని ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఎలా ఉంటాడని, కొందరిని ఆరోగ్యంగా ఉన్న ఆడది ఎలా ఉంటుందని, మిగతావాళ్ళని ఆడామగా చెప్పకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలా ఉంటాడని అడిగారు. మనిషికీ మగవాడికీ చెప్పిన గుణాలు దాదాపు ఒకటే. ఆడదానికి వచ్చేసరికి లొంగి ఉంటుంది, సొంత నిర్ణయం తక్కువ, చిన్నదానికే నొచ్చుకుంటుంది అన్నారు. అది జబ్బుపడిన ఆడదాని గురించి కాదండీ, ఆరోగ్యంగా ఉన్నదాని గురించే! ఈ కొలత బుర్రలో పెట్టుకుని "నేను ఎటూ మొగ్గను" అంటే ఎట్లా? టీచరమ్మని సర్దుకోమన్న కౌన్సెలర్‌కి కూడా ఒక పక్షం ఉంది, బోర్డు లేదంతే. మా పద్ధతిలో మా నమ్మకాలేంటో మొదటి రోజే చెప్పేస్తాం. నచ్చకపోతే వేరే చోటికి పోవచ్చు.

అమెరికాలో పుట్టిందన్నమాట నిజమే. 1960ల చివర అక్కడి ఆడవాళ్ళు ఇళ్ళల్లో గుంపులుగా కూర్చుని ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటుంటే, నా ఒక్కదానిదే అనుకున్నది అందరి ఇళ్ళల్లోనూ ఉందని తేలింది. మనోవిశ్లేషణకి ఫ్రాయిడ్ ఉన్నట్టు దీనికి ఒక మూలపురుషుడు లేడు. పొదుపు సంఘం మీటింగులో కంతుల లెక్క అయిపోయాక అరుగు మీద సాగే మాటలు మీరు విని ఉంటే మీకు ఇది కొత్తగా ఉండదు. జీన్ బేకర్ మిల్లర్ అనే మానసిక వైద్యురాలు 1976లో ఇంకో మాట చెప్పింది: నలుగురినీ కలుపుకుపోవడం, కనిపెట్టుకుని ఉండడం ఆడవాళ్ళ బలహీనత కాదు, బలం, దానికి విలువ కట్టకపోవడం దగ్గరుంది తప్పు అని. అందుకే కుటుంబం అంటే మాకేదో పగ అనుకోవద్దు.

మామూలు కౌన్సెలింగ్‌కీ దీనికీ తేడా కళ్ళకి కనబడేది మొదటి గంటలోనే. ఫీజు ఎంత, ఎన్నాళ్ళు పట్టొచ్చు, నేను పుస్తకంలో ఏం రాసుకుంటున్నాను, ఏ సందర్భంలో మీ మాట బయటికి చెప్పాల్సి వస్తుంది, ఇవన్నీ ముందే చెప్తాను. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితైతే తప్ప బయటికి పోదు. నేను రాసింది చూస్తానంటే పుస్తకం తిప్పి చూపిస్తాను. నా చదువేంటో అడగొచ్చు. అవసరమైతే నా బతుకులోది కూడా ఒక ముక్క చెప్తాను, ఆమెకి ఉపయోగపడేంతవరకే, నా ఏడుపు ఆమె మీద వేయడానికి కాదు. ఇంతా చేసినా గది నాది, డిగ్రీ నాది, డబ్బు తీసుకునేది నేను. సమానం అని గోడ మీద రాసుకున్నంత మాత్రాన సమానం అయిపోదు. అందుకే "మీరు చెప్పింది నాకు నచ్చలేదు మేడం" అని ఎవరైనా అన్న రోజు పని ముందుకు కదిలిందని అనుకుంటాను.

మీ విషయంలో నేనైతే ఇద్దరినీ మొదటే కలిపి కూర్చోబెట్టను. భయం ఉన్నచోట ముందు విడిగా మాట్లాడాలి. తర్వాత "నా జీతంలో బస్సు, ఆటో చార్జీలు నా దగ్గరే ఉంచుకుంటాను" లాంటి ఒక్క వాక్యాన్ని ఎప్పుడు అనాలి, ఏ గొంతుతో అనాలి, అవతల ఏం అనొచ్చు, అంటే మీరేం చేస్తారు అని గదిలోనే అనిపించి చూస్తాం. అత్త పాత్ర నేనే వేస్తాను. బాగానే వేస్తానని పేరుంది.

కొట్టడు కదా అన్నారు. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసని కూడా హింసగానే రాసింది. కేసు పెట్టమని కాదు, తెలిసి ఉండమని. నేను గదిలో ఎంత మాట్లాడినా మీరు పోయేది అదే ఇంటికి కాబట్టి, ఇలాంటివి చెప్పకుండా ప్రాణాయామం ఒక్కటే నేర్పి పంపడం నాకు చేతకాదు.

పాతబస్తీ, కర్నూలు:

మేడం చెప్పినదానికి నా తరఫు నుంచి ఒకటి. నేను ఇలాంటి కౌన్సెలింగ్‌కే పోయాను, వేరే ఊళ్ళో, వేరే ఆమె దగ్గర. కూర్చోగానే బురఖా గురించి అడిగింది. ఇంట్లో బలవంతమా, చిన్నప్పటి నుంచా అని. నా బాధ బురఖా కాదు, ఫైనాన్సువాడు. మా ఆయన కువైట్ నుంచి డబ్బు పంపడం ఆపేశాక గ్రూపు లోను కట్టలేక, వాడు ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే లోపల తలుపేసుకుని ఉండేదాన్ని. అది చెప్తుంటే ఆమె మళ్ళీ బురఖా దగ్గరికే పోతుంది. రెండోసారి పోలేదు. ఫెమినిస్ట్ అని పేరున్నంత మాత్రాన అందరూ మన మాట వింటారని లేదు అక్కా. చూసుకుని పోండి.

బళ్ళారి చౌరస్తా, కర్నూలు:

నిజం. ఈ పద్ధతి మీద మొదటి నుంచి ఉన్న పెద్ద ఆక్షేపణ ఇదే. తెల్లజాతి మధ్యతరగతి ఆడవాళ్ళ బాధనే ఆడవాళ్ళందరి బాధగా లెక్కేశారని అక్కడి నల్లజాతి ఆడవాళ్ళే నిలదీశారు. 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, జాతి అనే దెబ్బ, ఆడదైనందుకు తగిలే దెబ్బ విడివిడిగా లెక్కేస్తే రెండూ కలిసి తగిలినదాని బాధ ఎవరికీ కనబడదని రాసింది. మన దగ్గర కులం, మతం, అప్పు, కరువు అడగకుండా ఒక్క ఆడతనం గురించే అడిగితే సగమే విన్నట్టు. మీరు రెండోసారి పోకపోవడం సరైన పనే.

టవర్‌క్లాక్, అనంతపురం:

మగవాళ్ళకి చేస్తారా మేడం ఇది? ఊరికే అడుగుతున్నా. మా అన్న బోర్లు వేయించి అప్పులపాలైనాడు. ఒక్క మాట మాట్లాడడు. మా వదిన అడిగితే అరుస్తాడు, తర్వాత మిద్దె మీదికి పోయి కూర్చుంటాడు.

బళ్ళారి చౌరస్తా, కర్నూలు:

చేస్తాం తమ్ముడూ. మగవాడు ఏడవకూడదు, అప్పు సంగతి పెళ్ళానికి చెప్తే పరువు పోతుంది అన్నవి కూడా అవే చిన్నప్పటి మాటలు. కానీ మీరు చెప్పిన మనిషి విషయంలో ఆలస్యం చేయొద్దు. మిద్దె మీద ఒంటరిగా ఉండనీయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. ఈ రోజే చేయండి.

టవర్‌క్లాక్, అనంతపురం:

సరే మేడం. చేస్తా.

లెక్కల టీచర్, కడప:

అందరికీ థాంక్స్. కాగితం మీద రాసి చూసుకున్నా. నాకు కూర, చట్నీ రెండూ ఉన్నాయి, సంతోషం. ఇప్పుడు సమస్య ఏమంటే, ఆ బెంగళూరు మేడంకి ఫోన్ చేయాలంటే నా ఫోన్లో నంబరు కనబడుతుంది. ఇంకోటి, చేశాక మొదట ఏం అడగాలి?

బళ్ళారి చౌరస్తా, కర్నూలు:

మీ ఫోన్ వాడొద్దు. స్కూల్లో మీకు నమ్మకమైన టీచర్ ఉంటే ఆమె ఫోన్ నుంచి, ఇంటర్వెల్లో కాదు, మీకు క్లాసు లేని పీరియడ్‌లో చేయండి. వాళ్ళు తిరిగి మీ నంబరుకి చేయొద్దని, వాట్సాప్ పెట్టొద్దని మొదటి వాక్యంలోనే చెప్పండి. చదువేంటి, ఫీజు ఎంత, తగ్గిస్తారా అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఆ డబ్బు చెల్లెలు కట్టేట్టయితే ఆ సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. మా ఆయన్ని పిలుస్తారా, పిలిస్తే నన్ను అడిగే పిలుస్తారా అని అడగండి. ఈ చివరిదానికి తడుముకుంటే వేరే వాళ్ళని చూడొచ్చు. ఫోన్ కుదరకపోతే కడపలోనే ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రం ఉంది, కౌన్సెలింగ్‌కి డబ్బు తీసుకోరు. అక్కడికైనా "నేను విడిగా మాట్లాడాలి" అనే మాటతోనే వెళ్ళండి.

ఈ పేజీ కూడా చదివాక ఫోన్లో హిస్టరీ తీసేయండి టీచరమ్మా.