యూదుల పండుగలకు ఆధారం చరిత్రా, కనాను నేలా?

పాత నిబంధన విద్యార్థిని:
పస్కా ఐగుప్తు నుంచి విడుదలకు, వారాల పండుగ సీనాయి కొండ దగ్గర అందిన ధర్మశాస్త్రానికి, పర్ణశాలల పండుగ అరణ్యంలో గుడారాల బతుకుకు గుర్తని మనకు చెబుతారు. వీటిలో ఒక్కటైనా కనాను దేశంలో జరిగింది కాదు. కానీ లేవీయకాండము 23వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం చదువుతుంటే కొడవలి, తొలి పన, కళ్లం, ద్రాక్ష గానుగ కళ్లకు కడతాయి. ఆ దేశపు కొండలు, లోయలు, వానల సంగతి తెలియకుండా ఈ పండుగలను అర్థం చేసుకోగలమా?

చరిత్ర పాఠకుడు:
చేసుకోగలమనే నా అభిప్రాయం. సా.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చారు. తొలి పనను అర్పించే బలిపీఠం, మూడు పండుగలకూ ఎక్కి వెళ్లవలసిన చోటు అంతటితో లేకుండా పోయాయి. అయినా బాబిలోనులో, యెమెన్‌లో, పోలండులో, మన కొచ్చిలో పండుగలు నిలిచాయి. వారాల పండుగనే తీసుకోండి. తోరాలో, అంటే మోషే ధర్మశాస్త్ర గ్రంథాలలో, అది కోత పండుగ; దానికీ సీనాయికీ ముడివేసినది తరవాతి సంప్రదాయం. అంటే పొలంలో పుట్టిన పండుగను ఆ ప్రజలే తమతో మోసుకుపోగలిగే గ్రంథంలోకి మార్చుకున్నారు. సిడ్నీలో పస్కా శరదృతువులో వస్తుంది, చుట్టుపక్కల బార్లీ కోతలేమీ ఉండవు, పండుగకు వచ్చిన లోటూ లేదు.

వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి:
చరిత్ర పాఠకుడు గారూ, సిడ్నీ ఉదాహరణ మీ వాదనకు ఎదురు తిరుగుతుంది. అక్కడివారు తమ ఊరి వసంతంలో పస్కా ఎందుకు చేసుకోరు? పస్కా పడే నీసాను నెల వసంతంలోనే రావాలన్నది తోరా నియమం, ఆ వసంతం యూదయ కొండల వసంతం. భూగోళానికి అవతలి పక్క ఉన్నవారు కూడా తమ కళ్లెదుటి రుతువును పక్కనపెట్టి ఆ నేల రుతువునే పాటిస్తున్నారు.

ఆ నేలలో వాన అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా పడుతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు దాదాపు చుక్క ఉండదు. మనకు తొలకరి మృగశిర కార్తెతో వస్తే, వారికి ఎండాకాలం ముగిశాక వస్తుంది. ఐగుప్తుకు నైలు నది ఉంది, మీరు వెళ్లే దేశం మాత్రం ఆకాశపు వాన తాగే కొండల దేశమని ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయం చెబుతున్నది ఇదే. పంట ఇల్లు చేరి, తొట్లు అడుగంటి, తరవాతి వాన ఇంకా మొదలుకాని రోజుల్లో పర్ణశాలల పండుగ వస్తుంది. దాని ముగింపున వానకోసం, పస్కా నాడు మంచు బిందువులకోసం ప్రార్థిస్తారు.

రబ్బీల మౌఖిక నియమాల సంకలనమైన మిష్నాలోని ఒక నియమం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. రోజువారీ ప్రార్థనలో వానను నోరారా అడిగే విన్నపాన్ని ఆ దేశంలో పండుగ ముగిసిన వెంటనే మొదలుపెట్టరు; మరో 15 రోజులు ఆగి, తరవాతి నెల అయిన మర్హెష్వాను 7న మొదలుపెడతారు. యాత్రకు వచ్చినవారిలో చిట్టచివరివాడు యూఫ్రటీసు నది చేరేవరకు దారిలో తడవకూడదని ఆ ఆలస్యం. రైతుకు వాన ఎంత అవసరమో ఎరిగినవారే నడిచి వెళ్లే మనిషికోసం దాన్ని అడగకుండా ఓపిక పట్టారు. దేవాలయం లేకపోయినా ఆ తేదీ నేటికీ అక్కడ అమలులోనే ఉంది.

అధికమాసం సంగతి కూడా అంతే. మనం సంక్రాంతి లేని చాంద్రమాసాన్ని లెక్కగట్టి అధికమాసమంటాం. వారికి స్థిరమైన గణితం రాకముందు బార్లీ పండిందా, చెట్ల కాయలు ఎదిగాయా, సూర్యుడు ఎక్కడున్నాడు అన్న మూడింటిని చూసి నిర్ణయించేవారు. పైరును కూడా ఒక్కచోట చూస్తే చాలదు. యూదయ, యొర్దాను అవతలి ప్రాంతం, గలిలయ అనే మూడు సీమలలో రెండింటి పరిస్థితిని బట్టి తీర్పు చెప్పాలని మిష్నాపై రబ్బీల చర్చల గ్రంథమైన తల్ముదు చెబుతుంది.

చరిత్ర పాఠకుడు:
నీసాను విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే వాన ప్రార్థనను మీరు సగమే చెప్పారు. దేశం వెలుపల ఉన్న యూదులు దాన్ని మర్హెష్వాను 7న కాక డిసెంబరు 4న గాని 5న గాని మొదలుపెడతారు, ఆ లెక్క బాబిలోనుది. నీనెవె వాసులు మాకు వేసవిలో కూడా వాన కావాలి, ఏం చేయమంటారని రబ్బీని అడిగితే, మీరు వ్యక్తుల లెక్కలోకి వస్తారు, విడిగా చేసుకొనే విన్నపంలో అడగండి అని జవాబు వచ్చింది. కనుక పరదేశపు నేలలలో ఒకదానికి సంప్రదాయం చోటు ఇచ్చింది, మరొకదానికి ఇవ్వలేదు. దీన్ని భూగోళం అనడంకన్నా అధికారం ఎక్కడ ఉండేదో చెప్పే చరిత్ర అనడం సరైనది.

యాత్రా మార్గదర్శి:
ఇద్దరికీ ఒక మనవి. పండుగను స్థలంతో కలిపేటప్పుడు ఏ స్థలం ఎంత నిశ్చయమో చెప్పాలి. హనుక్కా పండుగకు మూలమైన తిరుగుబాటులో యూదా మక్కబీ సెల్యూకీయులను, అంటే సిరియాను ఏలిన గ్రీకు రాజుల సేనను, ఎదుర్కొన్న బేత్ హోరోను ఎక్కుడు దారి ఎక్కడుందో స్పష్టమే. అయ్యాలోను లోయ నుంచి కొండలమీదికి ఇరుకుగా ఎక్కే ఆ దారిని చూస్తే, తక్కువమంది పెద్ద సేనను అక్కడే ఎందుకు నిలవరించగలిగారో అర్థమవుతుంది. మక్కబీల సొంత ఊరు మోదీను ఏ దిబ్బ అన్నది మాత్రం ఇంకా తేలలేదు. సీనాయి కొండ సంగతి చెప్పనే అక్కరలేదు. యాత్రికులకు తేలనిదాన్ని తేలినట్లు చెప్పడం తప్పు.

పాత నిబంధన విద్యార్థిని:
చరిత్ర పాఠకుడు గారి అధికారం మాటకు జవాబు మిష్నాలోనే ఉందనుకుంటున్నాను. యెరూషలేములో నెలపొడుపు నిర్ణయమయ్యాక ఆ కబురు దూరానికి అందించడానికి పొడవైన దేవదారు గడలకు రెల్లు, నూనె కట్టె, అవిసె నార కట్టి, కొండపైన వెలిగించి, అవతలి కొండమీద మంట లేచేవరకు పైకీ కిందికీ, అటూ ఇటూ ఊపేవారు. ఒలీవల కొండ నుంచి యొర్దాను లోయ అంచున ఉన్న సర్తబాకు, అక్కడి నుంచి గ్రోఫీనాకు, హవ్రానుకు, బేత్ బల్తీనుకు ఆ మంట వెళ్లేది. సమరయులు దొంగ మంటలు వేసి తికమక పెట్టడంతో దూతలను పంపవలసివచ్చింది. దూత చేరలేనంత దూరంలో ఉన్నవారు అనుమానం తీరక రెండు రోజులు పండుగ చేసుకున్నారు. తేదీలన్నీ గణితంతో ముందే తెలిసిపోయిన ఈ రోజుల్లో కూడా వారాల పండుగ యెరూషలేములో ఒక రోజు, లండనులో రెండు రోజులు. నిర్ణయించే అధికారం ఒకచోట ఉండేదన్నది నిజమే, కానీ ఆ రెండో రోజుకు కారణం మధ్యలో ఉన్న దూరం. దీన్ని కూడా భూగోళం కాదంటారా?